ఖాళీ వదిలిన స్వరం

ఆ పాట కావాలని ఇప్పటికీ అడుగుతారు. మొన్న వసంతంలో లైప్‌జిగ్ నుంచి ఓ బడిపంతులమ్మ వచ్చింది. ఆ పాట పుట్టేనాటికి ఆమె పుట్టలేదు. ఆమె తల్లిదండ్రులు అప్పట్లో మా దేశాన్ని రెండుగా చీల్చిన గోడకు అవతలివైపు వాళ్ళు. అయినా వచ్చీరాగానే బల్ల మీద వేళ్ళతో తాళం వేసి చూపించి, "ఇది మీ దగ్గర దొరుకుతుందన్నారు" అంది. దొరుకుతుంది. మా కొట్లో ఎక్కువగా అమ్ముడుపోయేది ఆ పాట తొలిచిన కాగితం చుట్టే. ఇంతకాలం ఎలా నిలిచిందో నాకు తెలియదు. అది మా ఇంట్లోకి వచ్చిన శరత్కాలం సంగతి మాత్రం చెప్పగలను.

1983. మేం అప్పుడు కూడా ఇదే పని చేసేవాళ్ళం. ఎల్ట్స్ నది ఒడ్డున ఉన్న మా ఊళ్ళో, వీధుల్లో పిడి తిప్పి వాయించే ఆర్గన్లు నాన్న తయారు చేసేవాడు. వాటిలోకి ఎక్కే పాటలను కాగితం మీద తొలిచేది నేను. పిడి తిప్పితే తిత్తి నిండుతుంది, కాగితం చుట్ట కదులుతుంది. కాగితంలో రంధ్రం ఉన్నచోట గాలి దూరి గొట్టం పలుకుతుంది. రంధ్రం లేనిచోట పలకదు. అంతే. అందులో మాటలుండవు, గొంతు ఉండదు, డప్పులుండవు.

పాట సంగతి. ఉత్తరాది అమ్మాయి ఎవరో పాడింది. సైనికుల శిబిరంలో బట్టలుతికే ఒకామె కథ అది. యుద్ధం వస్తోందని విని ఆమె యూనిఫారాలన్నిటినీ మరిగే నీళ్ళలో వేస్తుంది. రోజూ వేస్తుంది. అవి కుంచించుకుపోతాయి. సేనాధిపతి చొక్కా చెయ్యి మోచేతి దాకా కూడా రాదు. ఆ అవతారంతో యుద్ధానికి వెళ్ళడానికి సిగ్గుపడి అందరూ ఇళ్ళకు పోతారు. "మరి కాస్త, మరి కాస్త, మరిగించు" అనేది పల్లవి. ఆ వేసవిలో ఈతకొలనుల్లో, బస్సుల్లో, మంగలి షాపుల్లో అదే. చలికాలం లోపు మా దేశంలో కొత్త క్షిపణులు దించుతారని పేపర్లు రాస్తున్న రోజులవి. సెప్టెంబరుకల్లా రేడియోవాళ్ళకు ఆ పాట మొహం మొత్తింది. అడపాదడపా వేసేవారు.

ప్లమ్ పళ్ళ కాలం. వంటింట్లో బల్ల చుట్టూ కూర్చుని నేనూ, అమ్మా, తమ్ముడు వెండెలిన్ పళ్ళలోంచి గింజలు తీస్తున్నాం. నాన్న కిటికీ పక్కన కూర్చుని గొట్టం మూతికి తోలు అతికిస్తున్నాడు. రేడియోలో ఆ పాట వచ్చింది.

"ఈ పిల్ల జన్మలో బట్టలుతికినట్టు లేదు" అంది అమ్మ. "నూలు బట్ట మరిగిస్తే ఏమవుతుంది, తెల్లబడుతుంది. కుంచించుకునేది ఉన్ని. ఎవరైనా చెప్పండమ్మా దానికి."

"ఉన్నివే" అన్నాడు నాన్న, తోలు మీంచి తల ఎత్తకుండా. "మావి ఉన్నివే."

అమ్మ నా వంక చూసింది. నాన్న యుద్ధంలో ఉన్నాడని మాకు తెలుసు. అంతకుమించి ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి. అది కూడా బట్ట గురించి.

వెండెలిన్ చేతులు తుడుచుకున్నాడు. వాడికి పంతొమ్మిది. పొద్దున వచ్చిన కవరు గురించి ఎప్పుడెత్తాలా అని రోజంతా చూస్తున్నాడు.

"నాన్నా, ఫ్రైబుర్గ్‌లో విచారణకు పిలిచారు. వచ్చే నెల."

ఆ రోజుల్లో కుర్రాళ్ళందరికీ సైన్యంలో పనిచెయ్యడం తప్పనిసరి. చేరననే కుర్రాడు ఒక సంఘం ముందు కూర్చుని, తన మనస్సాక్షి నిజమైనదేనని వాళ్ళను ఒప్పించాలి. ఒప్పిస్తే ఆసుపత్రిలోనో వృద్ధాశ్రమంలోనో సేవకు పంపేవారు. ఒప్పించలేకపోతే శిబిరానికి పోవాల్సిందే. తరఫున మాట్లాడే మనిషి లేక మా పై వీధి కుర్రాడొకడు ఆ వసంతంలోనే తుపాకీ పట్టుకున్నాడు. తండ్రి వచ్చి చెబితే వింటారని ఊరంతా అనేవారు.

"నువ్వు నా తరఫున వచ్చి రెండు మాటలు చెప్పాలి" అన్నాడు వెండెలిన్.

"ఏమని?"

"నాది నిజమైన నిర్ణయమని."

"దరఖాస్తులో ఏం రాశావురా?"

వాడు కాసేపు పళ్ళు సర్దాడు. "ఈ పాట విన్నాక ఆలోచించడం మొదలుపెట్టానని రాశాను."

అమ్మ కత్తి కింద పెట్టింది. "ఒరేయ్, పిచ్చి సన్నాసీ. అందరూ బైబిల్ అని రాస్తారు గదరా."

"అబద్ధం రాయమంటావా?"

"బైబిల్ అని రాస్తే అబద్ధమెలా అవుతుందిరా, ఇంట్లో ఉందిగా."

నాన్న తోలు పక్కన పెట్టాడు. "పాట వింటే వచ్చిందా నీ మనస్సాక్షి? పాట పోతే అదీ పోతుంది. అలాంటిదానికి నేను సాక్ష్యం చెప్పను."

"పోదు."

"నీకేం తెలుసు పాటల సంగతి?"

"నీకు తెలుసుగా. నువ్వే చెప్పు, ఇది మంచి పాటా కాదా?"

నాన్న పక్కన పెట్టిన తోలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఆయన మాట ఎప్పుడూ తూకం వేసినట్టు వచ్చేది.

"చూద్దాం" అన్నాడు చివరికి. "దాని మాటలు తీసేద్దాం. ఆ పిల్ల గొంతు తీసేద్దాం. డప్పులు తీసేద్దాం. ఏం మిగులుతుందో తలుపు దగ్గర పెడదాం. ఎవరైనా ఆగితే నీతో ఫ్రైబుర్గ్ వస్తా. ఆగకపోతే మళ్ళీ అడక్కు."

తలుపు దగ్గర పెట్టడం మా ఊరి పనివాళ్ళకు తాతల నాటి అలవాటు. కొత్త చుట్ట తయారైతే సంత రోజున వీధి తలుపు ఓరగా తెరిచి లోపల్నుంచే తిప్పుతారు. తిప్పే మనిషి బయటికి కనపడకూడదు. అది ఏ పాటో ఎవరికీ ముందుగా చెప్పకూడదు. దారిన పోయేవాళ్ళలో ఒక్కరైనా ఆగి వింటే చుట్ట అల్మరాలోకి వెళుతుంది. ఎవరూ ఆగకపోతే దాన్ని ముక్కలు కోసి, గొట్టాలు చుట్టడానికి వాడతారు. మా నాన్న తన చేత్తో గీసిన చుట్టలు అలా ఎన్నో కోశాడు. ఒక్కదానికీ బాధపడినట్టు కనపడలేదు.

వెండెలిన్ టేపు ఇచ్చాడు. నాన్న ఒకసారి విన్నాడు. రెండోసారి పెన్సిలు పట్టుకుని విన్నాడు. మూడోసారి అక్కర్లేదన్నాడు.

"ఎవరు కట్టారు దీన్ని?" అని నన్నడిగాడు.

"ఆ అమ్మాయే అంటున్నారు. ఎందుకు?"

"ఏం లేదు." కాగితం మీద గీతలు గీసుకుంటూ పోయాడు. "అయిదు స్వరాల మీద నడుస్తోంది మొత్తం. చిన్నపిల్లలు దాగుడుమూతల్లో లెక్క పెట్టేటప్పుడు పాడతారే, అలా. పల్లవిలో ఒక్కసారి మాత్రం పైకి ఎక్కుతుంది. ఒకే ఒక్కసారి. ఎక్కి దిగుతుంది. అంతే." కాస్త ఆగి, "అక్కడే వచ్చింది చిక్కు" అన్నాడు.

చిక్కు ఏమిటంటే, ఆయన ఎంచుకున్నది ఇరవై స్వరాల చిన్న ఆర్గన్. వీధుల్లో ఎక్కువగా తిరిగేది అదే. దానికి అన్ని స్వరాలూ ఉండవు. పల్లవి ఎక్కే ఆ పై స్వరానికి గొట్టం లేదు. నాన్న పాట మొత్తాన్ని ఒక మెట్టు దించి చూశాడు, రెండు మెట్లు ఎత్తి చూశాడు. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఆ స్వరం లేనిచోటికే వచ్చి పడుతోంది.

"పక్క స్వరం పెట్టేద్దాం" అన్నాను. వేరే కొట్లలో అందరూ అదే చేసేవాళ్ళు.

"తప్పు స్వరం పెట్టను."

"పోనీ పెద్ద ఆర్గన్ మీద చేద్దాం. దానికి ఆ గొట్టం ఉందిగా."

"పెద్దదాని మీద ఏ పాటైనా బాగానే ఉంటుంది. లేనిదాన్ని లేనట్టే వదిలెయ్. అక్కడ తొలవకు."

ఉలి, సుత్తి తీసుకున్నాను. పల్లవి వచ్చిన ప్రతిచోటా ఒక వేలు పట్టేంత కాగితం తొలవకుండా వదిలాను. వెండెలిన్ వచ్చి ఆ ఖాళీలు చూశాడు. వాడికి అర్థమైంది.

"అక్కా, ఇది అన్యాయం. పాటకు ప్రాణం అక్కడే ఉంది. అదే లేకపోతే ఎవరాగుతారు?"

"వెళ్ళి ఆయనతో చెప్పు."

వాడు వెళ్ళాడు. వెంటనే తిరిగొచ్చాడు. "'ఒక్క పన్ను ఊడితే చచ్చేదైతే చావనీ' అన్నాడు."

శనివారం సంత. మా వీధి చివర చర్చి ముందు మొదలై మా గుమ్మం దాకా దుకాణాలు వస్తాయి. మా తలుపుకు సరిగ్గా ఎదురుగా ఎల్జా బీబర్ అనే చీజ్ అమ్మే ఆవిడ, ఆమె పక్కన బంగాళాదుంపల త్రిష్లర్. ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా పక్కపక్కనే నిలబడి పోట్లాడుకుంటున్నారు. వెండెలిన్‌ను నాన్న వెనక గదిలో కూర్చోమన్నాడు. వాడు కనపడితే స్నేహితులు కావాలని ఆగుతారని. తను తలుపు వెనక చీకట్లో పీట వేసుకుని, ఓరగా తెరిచిన సందులోంచి వీధి చూస్తూ కూర్చున్నాడు. నేను పిడి పట్టుకున్నాను.

మొదటి చరణం వెళ్ళింది. ఎవరూ తల తిప్పలేదు. ఆర్గన్ మోత మా వీధిలో వాన చప్పుడులాంటిది, ఎవరికీ పట్టదు. పల్లవి వచ్చింది. ఖాళీ వచ్చింది. తిత్తిలో గాలి బుస్సుమంది. కాగితం జరిగింది. పాట దిగువ స్వరం మీద మళ్ళీ అందుకుంది. త్రిష్లర్ త్రాసులో దుంపలు పోస్తూ, "నీ చీజ్ కంపుకి నా దుంపలు మొలకెత్తుతున్నాయి తల్లీ" అంటున్నాడు.

"నీ మాటలకి నా పాలు విరిగి చీజ్ అవుతున్నాయి. నీకే ఇవ్వాలి వాటా" అంది ఎల్జా.

రెండో పల్లవి. ఖాళీ. ఎల్జా పెద్ద చీజ్ చక్రం మీద కత్తి పెట్టి ఉంది. "మరి" అని పాడింది. ఒక్క మాట. ఆ స్వరం మీదే, అంత ఎత్తులోనే. పాడి కత్తి కిందికి దించింది. కొనడానికి వచ్చినావిడతో "ఇంత చాలా?" అంది.

నేను నాన్న వంక చూశాను. ఆయన కదల్లేదు.

మూడో పల్లవి. ఖాళీ దగ్గర నాలుగైదు గొంతులు కలిశాయి. ఒకటి త్రిష్లర్‌ది. ఒకటి మా ఊరి పోలీసు హుమ్మెల్‌ది. అడ్డంగా నిలిపిన వ్యానుకు జరిమానా రాస్తున్నాడతను. రాత ఆపలేదు, పాడాడు. వ్యాను యజమాని ఎదురుగా నిలబడి బతిమాలుతున్నాడు. మధ్యలో అతనూ పాడి, మళ్ళీ బతిమాలడం మొదలుపెట్టాడు.

చివరి పల్లవి. ఇప్పుడు నా చెయ్యి బరువెక్కింది, వేగం తప్పకుండా చూసుకోవాల్సి వచ్చింది. ఖాళీ వచ్చింది. చర్చి దాకా వీధంతా ఆ స్వరం లేచింది. ముసలివాళ్ళు, పిల్లల బళ్ళు తోసే తల్లులు, నాకు కనపడని వాళ్ళు. ఒకే మాట, ఒకే ఎత్తు. వెంటనే ఆగిపోయింది. ఆ వెంటనే "అర కిలో ఇవ్వండి", "చిల్లర లేదా", "జరుగు జరుగు". ముందు స్వరాలు పాడినవాడు లేడు, తర్వాతి స్వరాలు పాడినవాడు లేడు. లేనిదాన్ని మాత్రం పెట్టి వాళ్ళ పనిలో వాళ్ళు పడ్డారు. నా జీవితమంతా రంధ్రాల మధ్య గడిచింది. రంధ్రం లేనిచోట పలకడం అంతకుముందు వినలేదు, తర్వాత ఇంకెక్కడా వినలేదు.

చుట్ట అయిపోయింది. వెండెలిన్ వెనక గదిలోంచి పరుగున వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"విన్నావా నాన్నా?"

"విన్నాను. ఎవరూ ఆగలేదు."

"ఏంటి?"

"అనుకున్నది ఆగడం గురించి. అక్కనడుగు. ఎవరైనా ఆగారా?"

వాడు నా వంక చూశాడు. "ఆగలేదు" అన్నాను. నిజంగా ఒక్క మనిషీ ఆగలేదు. వాడు పెరటి వైపు వెళ్ళిపోయాడు. పోతూ పోతూ తలుపు మెల్లగా వేశాడు. గట్టిగా వేసినా బాగుండేదనిపించింది.

సంత ముగిసే వేళకు ఎల్జా బీబర్ ఎప్పటిలాగే మిగిలిన చీజ్ ముక్క కాగితంలో చుట్టుకుని వచ్చింది. నాన్న ఇంకా ఆ పీట మీదే ఉన్నాడు.

"మేస్త్రీ, మీ పెట్టెలో ఒక గొట్టం మూగబోయింది. చూసుకోండి."

"మూగబోతే నువ్వు పాడావుగా" అన్నాడు నాన్న.

"నేనా?" ఆమె నవ్వింది. "నేనెందుకు పాడతానండీ? మా ఇంట్లో నేను పాడితే కుక్క బయటికి పోతుంది."

"రెండో పల్లవికి పాడావు. కత్తి చేతిలో ఉంది."

"చీజ్ కోస్తున్నా మేస్త్రీ. చెయ్యి తెగకుండా చూసుకోవాలా, పాడుకోవాలా?" వెనక్కి తిరిగి కేకేసింది. "ఇదిగో త్రిష్లరూ, నేను పాడానా?"

"పాడితే చచ్చేవాణ్ణి గదా" అన్నాడు త్రిష్లర్ బళ్ళోకి గోతాలు విసురుతూ.

"నువ్వూ పాడావయ్యా, మూడో పల్లవికి" అన్నాడు నాన్న.

"నేను దుంపలు తూస్తున్నా."

ఆమె అబద్ధమాడటం లేదు. అతనూ ఆడటం లేదు. ఇద్దరి మొహాల్లోనూ అది కనపడుతూనే ఉంది. నాన్న ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయన మొహంలో రంగు తగ్గింది. ఎల్జా కంగారుగా, "మేస్త్రీకి ఒంట్లో బాగానే ఉందా?" అని నన్నడిగింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఉల్లిపాయల రొట్టె, కొత్త ద్రాక్షరసం. వెండెలిన్ తినకుండా కెలుకుతున్నాడు. నాన్న తన పళ్ళెం ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "ఫ్రైబుర్గ్‌కి పొద్దున రైలు ఎన్నింటికి?" అన్నాడు.

అమ్మే తేరుకుని, "ఏడు దాటాక ఒకటుందయ్యా" అంది, వెండెలిన్ గ్లాసులో ఇంకాస్త ద్రాక్షరసం పోస్తూ.

విచారణ రోజున ముగ్గురం వెళ్ళాం. గదిలోకి నన్ను రానివ్వలేదు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. లోపల జరిగింది బయటికొచ్చి మెట్లు దిగుతుంటే చెప్పింది వెండెలిన్. నాన్న పక్కనే నడుస్తూ, ఎవరి గురించో వింటున్నట్టు విన్నాడు.

"మొదట అడవి ప్రశ్న వేశారక్కా. 'నువ్వూ నీ స్నేహితురాలూ అడవిలో వెళుతున్నారు, శత్రువు మీద పడ్డాడు, నీ చేతిలో తుపాకీ ఉంది, ఏం చేస్తావు' అని. నాకు స్నేహితురాలు లేదన్నాను. ఊహించుకో అన్నారు. రెండేళ్ళుగా అదే పనిలో ఉన్నానన్నాను."

"నవ్వారా?"

"ఒకాయన నవ్వాడు. అధ్యక్షుడు నవ్వలేదు. నా దరఖాస్తు ముందు పెట్టుకున్నాడు. 'రేడియో పాట విని మనసు మారిందని రాశావు. రేడియోవాళ్ళు ఆ పాట ఆపేశారు. ఇప్పుడు నీ మనస్సాక్షి పరిస్థితి ఏమిటి?' అన్నాడు. అప్పుడు నాన్న లేచాడు."

"ఏమన్నావు నాన్నా?" అన్నాను.

ఆయన ముందుకు చూస్తూ నడిచాడు. మళ్ళీ వాడే చెప్పాడు.

"నాన్న పటాలం బ్యాండులో ఉండేవాడట. బాకా ఊదేవాడట. మనకెవరికీ చెప్పలేదు చూడు. రైళ్ళు తూర్పుకు, యుద్ధానికి బయల్దేరేటప్పుడు స్టేషన్లో నిలబడి ఊదేవాళ్ళట. కుర్రాళ్ళందరూ పాడుకుంటూ ఎక్కేవాళ్ళట. 'వాళ్ళలో ఎవణ్ణైనా పట్టుకుని పాడుతున్నావా అని అడిగితే లేదండీ, పెట్టె మోస్తున్నానని చెప్పేవాడు' అన్నాడు. తర్వాత అధ్యక్షుడికేసి తిరిగి, 'పాట విని రైలెక్కినవాణ్ణి నీకు మనస్సాక్షి ఉందా అని అప్పుడెవరూ అడగలేదు. మావాడు పాట విని ఎక్కనంటున్నాడు. వాణ్ణి అడుగుతున్నారు' అన్నాడు. అంతే, కూర్చున్నాడు."

లోపలివాళ్ళు ముగ్గురూ పక్క గదిలోకి వెళ్ళి వచ్చారట. వెండెలిన్ కోరిక ఒప్పుకున్నామని చెప్పారట. ఎందుకు ఒప్పుకున్నారో చెప్పలేదు. నవ్విన ఆయన మాత్రం బయటికి పంపేటప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదట.

పెద్ద చర్చి ముందు సంతలో నిలబడి సాసేజ్‌లు తిన్నాం. వెండెలిన్ రెండు తిన్నాడు, మూడోది నాన్న వాడి చేతిలో పెట్టాడు. వాడికి ధైర్యం వచ్చింది.

"నాన్నా, ఏం పాట అది? స్టేషన్లో ఊదింది?"

"నీకెందుకు?"

"ఎలా ఉంటుందో తెలుసుకుందామని."

"బాగుంటుంది" అన్నాడు నాన్న. "చాలా మంచి బాణీ. చెత్త పాటైతే అంతమంది ఎందుకెక్కుతారు?"

"ఒక్కసారి పాడు. ఒక్క ముక్క."

నాన్న వేళ్ళు తుడుచుకుని, కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నోటిదాకా వస్తుందిరా ఇప్పటికీ. అందుకే పాడను."

స్టేషను వైపు నడిచాం. ముగ్గురం పక్కపక్కనే వెళుతున్నాం. నాన్న నోరు మూసుకునే ఉన్నాడు. కొంతదూరం పోయాక రాళ్ళ మీద ఆయన అడుగులు కవాతులోలా ఒక లెక్కకు పడుతున్నట్టు నాకు వినిపించింది. వెండెలిన్ అడుగులు కూడా మెల్లగా వాటితో కలుస్తున్నాయి. నాన్నకూ వినిపించినట్టుంది. నడుస్తున్నవాడు ఆగిపోయాడు. బూటులో రాయి పడిందన్నాడు. మమ్మల్ని ముందు నడవమన్నాడు.